స్పాంజి ఫ్యాను నుంచి కిటికీ పైపు దాకా: ఏడేళ్ల వాడకం

మా వీధిలో కొత్తగా ఎలక్ట్రానిక్స్ రిపేరు బల్ల వేసుకున్న కుర్రాళ్లు వారానికి ఒకరైనా వచ్చి అడుగుతుంటారు, "అన్నా, సోల్డరింగ్ పొగ లాగే ఫ్యాను ఏది కొనాలి?" అని. 2018 నుంచి మూడు రకాలు వాడాను. మూడింటికీ పెట్టింది నా జేబులో డబ్బే. మొదటిది దండగ. రెండోది మంచిదే గానీ దాన్ని మేపడం కష్టం. మూడోది నేనే కట్టుకున్నది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

మాది నాయుడుపేట. 2009లో మద్రాసు వచ్చి రిచీ స్ట్రీట్‌లో ఒక టీవీ మెకానిక్ దగ్గర చేరాను. ఇప్పుడు అదే వీధి పక్క సందులో, మొదటి అంతస్తులో నా సొంత గది ఉంది. పొడవు పది అడుగులు, వెడల్పు ఎనిమిది, ఒకటే కిటికీ, రెండు బల్లలు. నేనూ, సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక కుర్రాడూ పొద్దున పదికి కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాం. టీవీ బోర్డులు, ల్యాప్‌టాప్ బోర్డులు, ఇన్వర్టర్ కార్డులు. ఈ మధ్య ఫోన్లు కూడా చేస్తున్నాం.

దగ్గు 2018 మొదట్లో పట్టుకుంది. పొద్దున ఏమీ ఉండదు. సాయంత్రం నాలుగయ్యేసరికి గొంతులో గరగర, రాత్రి పడుకుంటే పిల్లికూతలు. మందుల షాపులో సిరప్పులు కొని ఆరు నెలలు గడిపాను. ఆఖరికి మా ఆవిడ పోరు పడలేక ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆమె మొదట అడిగింది ఒకటే: "ఆదివారం ఎలా ఉంటుంది మీకు?" ఆలోచిస్తే, ఆదివారం దగ్గు లేదు. సంక్రాంతికి ఊరికెళ్లి వారం ఉంటే అసలు గుర్తుకే రాలేదు. చేసే పని ఏమిటని అప్పుడు అడిగారు.

ఆమె నాచేత పీక్ ఫ్లో మీటర్ కొనిపించారు. చిన్న ప్లాస్టిక్ గొట్టం, గట్టిగా ఊదితే ముల్లు ఒక అంకె మీద ఆగుతుంది, అంకె ఎంత పెద్దదైతే ఊపిరి అంత బాగున్నట్టు. రోజుకు నాలుగుసార్లు చొప్పున మూడు వారాలు, కొట్లోనూ ఇంట్లోనూ ఊది రాయమన్నారు. ఆదివారాలు 480 దగ్గర ఉండేది, శనివారం సాయంత్రం 390కి దిగేది. కాగితం మీద అది చూశాకే నమ్మాను. అప్పటిదాకా నా మనసులో తప్పంతా కూవం నది కంపుది, మౌంట్ రోడ్డు దుమ్ముది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. మా వాళ్లలో చాలామందికి సోల్డరింగ్ వైరులో ఉండే లెడ్డే, అంటే సీసమే, ఆవిరై ముక్కులోకి పోతుందని భయం. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, మరిగేది 1749 దగ్గర. సోల్డరింగ్ ఐరన్ టిప్ 350లో ఉంటే సీసం ఆవిరి లెక్కలోకి రానంత తక్కువ. కళ్లకు కనిపించే ఆ తెల్ల పొగ ఫ్లక్స్‌ది, అంటే అతుకు బాగా పట్టడానికి వాడే మందుది. వైర్ మధ్యలో ఉండేదీ, పేస్ట్ డబ్బాలో ఉండేదీ ఎక్కువగా రోజిన్. పైన్ చెట్టు బంక నుంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గట్టి సరుకు అది. మైలాపూర్ కచేరీల్లో వయొలిన్ వాళ్లు కమానుకు రుద్దుకునేదీ అదే. వాళ్లు దాన్ని కాల్చరు, మనం రోజంతా కాలుస్తాం. కాలినప్పుడు సన్న తుంపర కణాలతో పాటు ఫార్మాల్డిహైడ్ లాంటి ఘాటు వాయువులు వస్తాయి. బ్రిటన్‌లో పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ, పని వల్ల వచ్చే ఉబ్బసానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా ఈ రోజిన్ పొగను చెబుతుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం పొగ తగిలినా ఊపిరి పట్టేస్తుంది. లెడ్ ఫ్రీ వైరు వాడితే చాలనుకోవడమూ పొరపాటే. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉండే పాత వైరు 183 డిగ్రీలకు కరిగితే లెడ్ ఫ్రీ 217 దాటాలి. అంటే టిప్ వేడి పెంచాలి, ఫ్లక్స్ ఇంకా ఎక్కువ కాలుతుంది.

ఇక సరుకు సంగతి.

మొదటిది అందరి బల్లల మీదా కనిపించే నల్ల స్పాంజి ఫ్యాను. రెండు వేల లోపు. ముందు జల్లెడ, దాని వెనక కార్బన్ పూసిన స్పాంజి, దాని వెనక ఫ్యాను. కొన్న రోజు సంబరపడ్డాను, ముఖం మీదికొచ్చే పొగ వంగి అటు పోతోంది. పెట్టె మీద ఏదేదో రాసుంది. రెండు వారాలయ్యేసరికి కళ్ల మంట తగ్గింది, దగ్గు మాత్రం అలాగే ఉంది. ఎందుకో తెలియడానికి ఏడాది పట్టింది. ఒకరోజు దేవుడి పటం ముందు వెలిగించిన అగరుబత్తి తీసుకొచ్చి ఫ్యాను ముందు పెట్టాను. పొగ ముందునుంచి లోపలికి వెళ్లి, వెనకనుంచి హాయిగా బయటికొచ్చి, గదంతా తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఆ స్పాంజి రంధ్రాలు అంత పెద్దవి. ఫ్లక్స్ పొగలో కణాలు చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. దోమతెరతో పిండి జల్లించినట్టు.

ఇంకో లోపం, దాన్ని మనం పెట్టే దూరం. బోర్డు తిప్పడానికి చోటు కావాలని అందరం మూర దూరంలో పెడతాం. లాగే ఫ్యానుకు ఒక లెక్క ఉంది: దాని నోరు ఎంత వెడల్పో అంత దూరం జరిగితే చాలు, గాలి వేగం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అయిదంగుళాల ఫ్యాను అయిదంగుళాల దూరంలోనే నీరసపడిపోతే మూర దూరంలో ఏం లాగుతుంది? పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే ఆ మిగిలిన కాస్తా పోతుంది. రెండేళ్లకు పైగా నా బల్ల మీద ఉండి అది చేసిన నిజమైన పని, పొగను నా కంటికి కనబడకుండా చేయడం. దాంతో కిటికీ తెరవడం కూడా మానేశాను. ఆ లెక్కన అది లేకపోతేనే నయం.

రెండోది 2020 చివర్లో కొన్న పెట్టె మెషీన్. ఇరవై రెండు వేలు, సెకండ్ హ్యాండ్. వంగే గొట్టం చివర గరాటు, పెట్టెలో మూడు పొరలు: మొదట దుమ్ము ఫిల్టర్, తర్వాత హెపా, చివర కార్బన్ గుళికలు. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపాలి. ఇది నిజంగా ఆపింది. అగరుబత్తి పొగ లోపలికి పోయిందే గానీ కళ్లకు కనిపించేంత బయటికి రాలేదు. రెండు నెలల్లో సాయంత్రం అంకె 440కి ఎక్కింది. మైక్రోస్కోప్ కింద పని చేసేటప్పుడు గొట్టాన్ని బోర్డుకు నాలుగంగుళాల్లో నిలబెట్టొచ్చు, అది పెద్ద సుఖం.

మేపడమే కష్టం అన్నది ఇందుకే. ఫ్లక్స్ పొగ పొడి దుమ్ము లాంటిది కాదు, చల్లారితే జిగురవుతుంది. నెలకోసారి ముందు ఫిల్టర్ తీస్తే బెల్లప్పాకం రంగులో చేతికి అంటుకునేది. ఏడాది తిరక్కుండానే హెపా మూసుకుపోయింది. మోటారు అరుస్తుంది, గాలి లాగదు. కార్బన్ అయిపోయిందని చెప్పే లైటు ఏదీ లేదు, వాసన తిరిగి రావడమే గుర్తు. పైగా గాలిలో తేమ ఎక్కువుంటే కార్బన్ ఆవిర్లను పట్టుకునే శక్తి తగ్గుతుంది. మద్రాసులో తేమ లేని రోజేది? సెట్టు మార్చాలంటే ఆరేడు వేలు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆగిపోయిందన్నారు. దొరికిన ఫిల్టర్‌ను థర్మాకోల్ ముక్కలతో బిగించి ఇంకో ఆర్నెల్లు నడిపాను. ఏసీ హాల్లో పనిచేసేవాళ్లకి, కిటికీ లేనివాళ్లకి ఇది తప్ప దారి లేదు. విడి ఫిల్టర్లు దొరుకుతాయో లేదో ముందు అడిగి తర్వాత మెషీన్ ధర అడగండి.

ఈ రెండూ చేయలేని పని ఒకటుంది. బోర్డులు కడిగే మందుల ఆవిరిని ఆపడం. 2015 డిసెంబరు వరదలప్పుడు రిచీ స్ట్రీట్‌కు నీళ్లు తాగిన బోర్డులు గోనెసంచుల్లో వచ్చాయి. బయట వాన, తలుపులు మూసి, ట్రేలో థిన్నర్ పోసుకుని రోజుకు ముప్పై నలభై బోర్డులు బ్రష్షుతో రుద్దాం. మూడో రోజు సాయంత్రం లేచి నిలబడితే గది తిరిగింది. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆకలికి కళ్లు తిరిగాయనుకుని బన్ తిని మళ్లీ అదే పనికి కూర్చున్నాను, అంత తెలివి. థిన్నర్‌లో సాధారణంగా ఉండే టోలుయిన్ మెదడు మీద పనిచేస్తుంది. తలనొప్పి, మత్తు, తూలడం దాని లక్షణాలే. ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది, ఈ ఆవిర్లను ఆపదు. నీలం నైట్రైల్ గ్లౌజులు ఐపీఏకి (బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి) పర్వాలేదు గానీ థిన్నర్‌లో, ఎసిటోన్‌లో కాసేపటికే మెత్తబడతాయి.

స్క్రీన్లు విడదీసే వాళ్లయితే సీసా మీద ఏముందో చదవకుండా ముట్టుకోవద్దు. 2009లో చైనాలోని సుజౌలో టచ్ స్క్రీన్లు చేసే ఫ్యాక్టరీలో ఆల్కహాల్ బదులు త్వరగా ఆరిపోతుందని ఎన్-హెక్సేన్‌తో తుడిపించారు. పనివాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నడవలేకపోయారు. నరాలు దెబ్బతిన్నాయి. అలా జబ్బుపడినవాళ్లు 137 మంది అని ఆపిల్ 2011లో తన నివేదికలోనే రాసింది. ఇక్కడ పక్క సందుల్లో పేరు లేని సీసాల్లో అమ్మే గమ్ రిమూవర్‌లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. నేను ఆ పని వదిలేశాను. పోయిన గిరాకీ పోయింది.

మూడోది 2022లో కట్టింది. కిటికీ అద్దం ఒకటి తీసి ప్లైవుడ్ పలక బిగించి, దానికి ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను. వంటింటి చిమ్నీకి వాడే అల్యూమినియం ముడతల పైపు అక్కడినుంచి బల్ల దాకా. పైపు మూతికి ప్లాస్టిక్ బేసిన్ కోసి చేసిన గరాటు. మొత్తం మూడు వేల ఎనిమిది వందలు, ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి. ఫిల్టర్ లేదు, మేపే పని లేదు, పొగ గదిలోనే ఉండదు. బయట మేడ మీదికి వెళ్లేలా పైపు ఇంకో నాలుగడుగులు పెంచాను, లేకపోతే పై అంతస్తు దర్జీ ఊరుకోడు. న్యాయమే.

రెండు మూడు తప్పులు చేశాను. మొదట పైపును మూడు మలుపులు తిప్పాను, లాగుడు సగమైంది. ఇప్పుడు ఒకటే మలుపు. తలుపు పూర్తిగా మూస్తే ఫ్యాను ఉత్తినే తిరుగుతుంది, బయటికి పోయే గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా. తలుపు కింద జానెడు సందు పెట్టాను. ఐపీఏ ట్రే మాత్రం ఈ ఫ్యాను పైపు దగ్గర పెట్టను. అది 12 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరినిస్తుంది, మన ఊళ్లో పన్నెండు డిగ్రీలు ఎప్పుడు చూశాం? మామూలు ఎగ్జాస్ట్ మోటారులో నిప్పురవ్వ రాదని ఎవరూ హామీ ఇవ్వరు. మా కుర్రాడు ఒకసారి కడిగిన బోర్డు ఆరకముందే వేడిగాలి చిమ్మే హాట్ ఎయిర్ గన్ పెట్టాడు. భగ్గుమంది, కనుబొమ్మలు సగం పోయాయి. "అన్నా, అమ్మకు చెప్పొద్దన్నా" అన్నాడు. అప్పటినుంచి కడగడం వరండాలో, మూత ఉన్న డబ్బాలో కొద్దికొద్దిగా పోసుకుని.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత మళ్లీ గోనెసంచులు వచ్చాయి. థిన్నర్ వాడలేదు. మంచినీళ్లు, డిస్టిల్డ్ వాటర్, ఆఖర్న కొంచెం ఐపీఏ. పని నెమ్మదిగా నడిచింది, తల తిరగలేదు. ఇప్పుడు సాయంత్రం అంకె 460 దగ్గర ఉంటోంది. ఇన్‌హేలర్ పూర్తిగా మానలేదు. ఫ్లక్స్ వాసన ఘాటుగా తగిలితే ఇప్పటికీ ఛాతీ బిగుస్తుంది.

సీసం గురించి ఒక ముక్క మిగిలింది. అది ఏ ఫ్యానుకూ సంబంధం లేనిది. రెండు చేతులూ బోర్డు మీద ఉన్నప్పుడు లెడ్ వైరును పళ్ల మధ్య పట్టుకునే అలవాటు నాకు పదేళ్లు. అదే చేతులతో టీ, బజ్జీలు. రక్తంలో సీసం పరీక్ష చేయిస్తే డెసిలీటరుకు 9 మైక్రోగ్రాములు. పెద్ద గండం కాదన్నారు గానీ, ఇంట్లో పిల్లలున్నారా అని వెంటనే అడిగారు. చొక్కా మీద, గోళ్లలో ఇంటికి వెళ్లే మసి పిల్లల నోట్లోకి చేరుతుందట. ఇప్పుడు కొట్టు చొక్కా కొట్లోనే ఉంటుంది. శానిటైజర్‌తో సీసం పోదు, సబ్బుతో రుద్ది కడగాలి. రెండేళ్ల తర్వాత మళ్లీ చూపిస్తే 5.

పైపు ముడతలు కూడా లోపల జిగురు పడుతున్నాయి. ఏడాదికోసారి, అక్టోబరు వానలు మొదలవకముందే పైపు మారుస్తున్నాను, నాలుగు వందలు. వాన జల్లు వెనక్కి కొట్టకుండా బయట మూతికి పాత పెయింటు డబ్బా అడ్డం కట్టాను. స్పాంజి ఫ్యాను పారేయలేదు. స్పాంజి పీకేసి, నీళ్లతో కడిగిన బోర్డులు ఆరబెట్టడానికి వరండాలో పెట్టాను, దానికి బాగానే పనికొస్తోంది.