హవాయి చెప్పులు: చిన్నప్పటి నుంచీ తొడుగుతున్నాను కాబట్టి చెబుతున్నా

ఈమధ్య చెప్పులు కొన్న మర్నాడే స్టార్లు ఇచ్చేస్తున్నారు. చెప్పు సంగతి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే గానీ బయటపడదు. నేను రాస్తున్నది తెల్లటి అట్ట, నీలం పట్టీలు ఉన్న మామూలు హవాయి చెప్పుల గురించి. బడికి వెళ్లే వయసు నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లో అవి లేని రోజు లేదు. మధ్యలో ప్లాస్టిక్ చెప్పులు, నల్ల బూట్లు, తెల్ల కాన్వాసు బూట్లు, ఆఖరికి లైట్లు వెలిగే బూట్లు కూడా కాళ్లకి తగిలాయి. వాటి పక్కన పెట్టి చూస్తేనే హవాయి చెప్పు విలువ తెలుస్తుంది, లోపాలూ తెలుస్తాయి. నా తీర్పు ముందే చెప్పేస్తాను: అందంలో చివరి మార్కు, నడకలో సగం మార్కులు, బాగుచేసుకోవడంలో నూటికి నూరు.

మాది చిలకలూరిపేట వైపు నల్లరేగడి ఊరు. చెప్పుకి అంతకంటే కఠినమైన పరీక్ష ఇంకోటి ఉండదు. ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చి కాలుతూ ఉంటుంది, దారి పక్కన పల్లేరుకాయలు. తొలకరి పడిందా, అదే నేల జిగురు. అడుగు తీసి అడుగు వేస్తే చెప్పుకి కిలో మట్టి. కాలు పైకి వస్తుంది, చెప్పు బురదలోనే ఉంటుంది, బలంగా లాగితే పట్టీ చివర ఉండే ముందు బొడిపె అట్ట కన్నంలోంచి ఊడి వస్తుంది. అలా ఊడినప్పుడు ఎవరూ కంగారు పడేవాళ్లు కాదు. చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చి, కడిగి, బొడిపెని మళ్లీ కన్నంలోకి నొక్కడమే. అదే బూటు అడుగు ఊడిపోతే ఆ వారం అంతా ఇంట్లో టెన్షన్.

బురదలో దీని పెద్ద లోపం వేరే ఉంది. మడమ దగ్గర చెప్పుకి, కాలికి సంబంధం లేదు. అడుగు ఎత్తగానే వెనక భాగం కిందికి వేలాడి, టప్పున మడమకి కొట్టుకుంటుంది. ఆ ఊపుకి కింద ఉన్న నీళ్లూ బురదా వెనక నుంచి వీపు దాకా ఎగురుతాయి. వానలో బడికి వెళ్లిన పిల్లల్ని వెనక నుంచి చూస్తే చాలు, ఎవరు హవాయి చెప్పులు వేసుకున్నారో తెలిసిపోయేది. తెల్ల చొక్కా మీద చుక్కలు చుక్కలుగా బురద. మా అమ్మ ఉతుకుతూ తిట్టే తిట్లన్నీ చెప్పులకే. ఇన్నేళ్లలో ఏ కంపెనీ దీనికి విరుగుడు కనిపెట్టలేదు. నెమ్మదిగా నడవడం తప్ప మార్గం లేదు, ఆ వయసులో అది కుదిరే పని కాదు.

ఇప్పుడు పట్టీ సంగతి. మొత్తం చెప్పులో పాడయ్యేది ఎప్పుడూ అక్కడే. పట్టీకి మూడు కాళ్లు, మూడింటి చివరా బొడిపెలు. పక్కన ఉన్న రెండింటికీ పెద్దగా బరువు పడదు. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య దిగే ముందు కాలే నడిచినంతసేపూ లాగుడు భరిస్తుంది. అందుకే తొంభై శాతం చెప్పులు అక్కడే తెగుతాయి, లేదా అక్కడి కన్నమే పెద్దదై బొడిపె నిలవదు. మొదటి మందు పిన్నీసు. బొడిపెకి కాస్త పైన పట్టీలోంచి అడ్డంగా పిన్నీసు గుచ్చితే అది కన్నం దాటి పైకి రాదు. ఇంకా కొన్ని నెలలు నడుస్తుంది. పిన్నీసు లేకపోతే చిన్న తీగ ముక్క, అదీ లేకపోతే చొక్కా గుండీ. కన్నం బాగా పెద్దదైతే చెప్పులు కుట్టే ఆయన కింద తోలుబిళ్ల వేసి ఇచ్చేవాడు. పట్టీ పూర్తిగా తెగితే కిరాణా కొట్లో పట్టీల జత విడిగా దొరికేది, ఒక తాడుకి గుచ్చి వేలాడదీసేవాళ్లు. తెల్ల అట్టకి ఎరుపు పట్టీ, పాత నీలం అట్టకి ఆకుపచ్చ పట్టీ, ఏ రంగుకి ఏది దొరికితే అది. కుడికాలికి ఒక రంగు, ఎడమకాలికి ఒక రంగు పట్టీతో బడికి వెళ్లినా ఎవరూ నవ్వేవాళ్లు కాదు, సగం క్లాసుకి అదే పరిస్థితి కాబట్టి.

ప్లాస్టిక్ చెప్పుల దగ్గరికి వస్తే బాగుచేసే పద్ధతే వేరు. బాటా వాళ్ల శాండక్ లాంటివి, వాటిని చూసి ఊరూరా వచ్చిన చవక రకాలు, మొత్తం ఒకే అచ్చులో పోసినవి. వానాకాలానికి అవే మేలు, వెనక పట్టీ ఉంటుంది, బురద ఎగరదు. అవి తెగితే పొయ్యిలో అట్లకాడ ఎర్రగా కాల్చి, తెగిన రెండు ముక్కల మధ్య పెట్టి, కరిగాక గట్టిగా అదిమేవాళ్లు. ఇల్లంతా కంపు, చెప్పుకి ఒక నల్లటి బొప్పి. కానీ అతుక్కునేది. అదే ఉపాయం హవాయి చెప్పు మీద చేస్తే మాడుతుందే తప్ప అతకదు. ప్లాస్టిక్ వేడికి కరిగి చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. గంధకంతో ఒకసారి ఉడికించిన రబ్బరు ఇక కరగదు. కెమిస్ట్రీ పుస్తకంలో వల్కనైజేషన్ అన్న మాట వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది అట్లకాడే. ఎండలో మాత్రం ప్లాస్టిక్ చెప్పు నరకం. చెమటకి కాలు లోపల జారుతుంది, మే నెలలో పాదం మీద దాని కన్నాల డిజైను మొత్తం అచ్చు పడిపోతుంది.

నల్ల బూట్ల గురించి మంచి మాట చెప్పడం కష్టం. జూన్‌లో బడి తెరిచే ముందు గుంటూరు వెళ్లి కొనేవాళ్లం. కొట్లో కాలి కొలత చూసే పరికరం ఉండేది, దాని మీద నిలబడటం వరకూ బాగుండేది. ఆ కొలత ఎంత పక్కాగా తీసినా లాభం లేదు, ‘పెరిగే కాలు, ఒక సైజు పెద్దది ఇవ్వండి’ అనేవారు నాన్న. మన దగ్గర వాడేది ఇంగ్లండు సైజులు. ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. నిరుడు 13, ఈ ఏడు 1 అంటే మా నాయనమ్మ కొట్టువాడు మోసం చేశాడనే అనుకుంది. ఆ అదనపు జాగాలో దూది కుక్కుకుని నడవాలి. దూది ఉన్నా మడమ కదులుతూనే ఉంటుంది, గట్టి అంచు రాసుకుని పుండు పడుతుంది. కొబ్బరినూనె రాసి, మేజోడు వేసి మళ్లీ అందులోనే దూర్చడం. ఏడాది చివరికి పుండ్లు మానేవి, కాలు సరిపోయేది, బూటు ముందు భాగం నోరు తెరిచేది. సరిగ్గా సరిపోయిన బూటు తొడిగింది మార్చి నెలలోనే, పరీక్షలప్పుడు.

బూట్ల వల్ల వచ్చిన అసలు లాభం పాలిష్ డబ్బా. చెర్రీ బ్లాసమ్, కివీ డబ్బాలు గుండ్రంగా, పక్కన చిన్న తిప్పుడు మీటతో ఉండేవి. ఖాళీ కాగానే రెండు మూతలకి మూడేసి కన్నాలు కొట్టి, దారాలు కట్టి, పుల్లకి వేలాడదీస్తే తక్కెడ. ఇసుక, చింతగింజలు తూచి అమ్మేవాళ్లం.

కాన్వాసు బూట్లు శనివారం సరుకు. తెల్ల యూనిఫాం రోజున అవే వేసుకోవాలి. బాటా వాళ్లు మన దేశంలో 1931లో కలకత్తా దగ్గర కొన్నగర్‌లో మొదలుపెట్టి, తర్వాత బాటానగర్ కట్టుకున్నారు. మా తరం దాకా తెల్ల కాన్వాసు అంటే వాళ్ల పేరే చెప్పేవాళ్లు. తేలికగా ఉండేవి, పరుగు పందేనికి బాగుండేవి, కరిచేవి కావు. వేసుకోవడానికి మంచి బూటే, చూసుకోవడానికి కష్టం. శుక్రవారం ఉతకాలి, రాత్రికి ఆరకపోతే పొయ్యి పక్కన పెట్టాలి, పొద్దున్నే తెల్ల రంగు పూయాలి. రంగు సీసా అయిపోతే సుద్దముక్క. బడి గేటు బయట నిలబడి బూట్లకి సుద్ద రుద్దుకునే పిల్లలు ప్రతి శనివారం ఉండేవాళ్లు. పీఈటీ సారు గట్టిగా అడుగేయమంటే కాళ్ల దగ్గర తెల్లటి పొడి లేచేది.

లైట్ల బూట్లు మా తమ్ముడివి. అడుగు పడినప్పుడల్లా మడమలో ఎర్రగా వెలిగేవి. లోపల చిన్న బ్యాటరీ, అదురుకి కలుసుకునే స్ప్రింగు, అంతే. బ్యాటరీ మార్చే వీలు మాత్రం లేదు. వెలగడం ఆగిపోయాక వాడు ఆ బూట్లు చూడటానికి కూడా ఇష్టపడలేదు. అడుగు ఇంకా గట్టిగానే ఉంది, అయినా అటక ఎక్కింది.

మా తాతయ్య వీటిలో ఏదీ తొడగలేదు. ఆయనవి కిర్రు చెప్పులు. తంగేడు చెక్కతో పదును పెట్టిన తోలు, కింద ఇనుప లాడాలు. ఆముదం పట్టిస్తూ ఏళ్ల తరబడి వాడారు. వీధి చివర ఉండగానే కిర్రుమంటూ చప్పుడు వినిపించేది, మేం గోలీలు జేబులో వేసుకునేవాళ్లం. ఆ పనితనం గురించి గొప్పగా రాయాలనే ఉంది. కానీ ఆ చెప్పులు కుట్టిన ఆయన మా వీధిలోకి వచ్చేటప్పుడు తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవలసి వచ్చేదని మా ఇంట్లోనే మామూలు మాటలా చెప్పేవాళ్లు. అది విన్నాక ఆ కిర్రు చప్పుడు నాకు ముచ్చటగా వినిపించడం మానేసింది. హవాయి చెప్పు మా ఊళ్లో అన్ని పేటలకీ ఒకే కొట్టు నుంచి, ఒకే ధరకి వెళ్లింది. ఈ సమీక్షలో దానికి నేను ఇచ్చే మార్కుల్లో ఇది కూడా ఉంది.

ఈ ఆకారం మనది కాదు. జపాన్ వాళ్ల గడ్డి చెప్పు ‘జోరి’ దీనికి ముత్తాత. బ్రెజిల్‌లో 1962లో వచ్చిన హవాయానాస్ చెప్పుల అట్ట మీద బియ్యపు గింజల్లాంటి గుర్తులు ఉండేది ఆ గడ్డి అల్లికని తలచుకునే. మన వైపు పారగాన్ 1975లో కేరళలోని కొట్టాయంలో మొదలైంది. దేశంలో రబ్బరు తోటలు ఎక్కువ ఉన్నదీ ఆ రాష్ట్రంలోనే, కాబట్టి అక్కడ పుట్టడం వింతేమీ కాదు. మరుసటి ఏడాది ఢిల్లీలో రిలాక్సో. పాత అట్ట తయారీ చూస్తే దాని బలం అర్థమవుతుంది. రబ్బరులో వేడికి గ్యాసు విడుదల చేసే పొడి కలిపి, ఒత్తిడిలో ఉడికిస్తే లోపల కంటికి ఆనని బుడగలు ఏర్పడి రొట్టెలా పొంగుతుంది. ఆ బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి, అందుకే నీళ్లు పీల్చదు, కాలవలో పడితే తేలుతుంది. కాలవలో చెప్పు వదిలి, వంతెన అవతల పట్టుకునే ఆట ఆడని వాళ్లు మా ఊళ్లో లేరు.

ఇప్పుడు కొట్లో దొరికేవి చాలావరకు ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసినవి. రెండూ వాడాను కాబట్టి తేడా చెప్పగలను. ఈవీఏ తొలి రోజుల్లో దూదిలా ఉంటుంది, బరువే తెలియదు. కొన్ని నెలలకి మడమ కింద అణిగిపోయి మళ్లీ లేవదు. ఎండలో, కారులో వదిలేస్తే కుంచించుకుపోతుంది. మేడ మీద మరిచిపోయిన జత ఒక సైజు చిన్నదై కనిపించింది. రబ్బరుది బరువు ఎక్కువ, మొదట్లో గట్టిగా ఉంటుంది, కానీ అరుగుతుందే గానీ అణగదు. చివరికి మడమ దగ్గర కన్నం పడి నేల తగిలేదాకా పనిచేస్తుంది. అరిగిన అడుగు తడి గచ్చు మీద మహా ప్రమాదం, ఇది రెండు రకాలకీ వర్తిస్తుంది. గీతలు పోయి నున్నగా అయిన జతని బాత్రూమ్ చెప్పులుగా మార్చడం మన ఇళ్లలో ఆనవాయితీ. నిజానికి వాటిని అక్కడ అసలు వాడకూడదు, పెద్దవాళ్లున్న ఇంట్లో మరీ.

ముళ్ల విషయంలో కూడా రబ్బరుకే నా ఓటు, పూర్తి మార్కులు ఇవ్వలేను గానీ. పల్లేరుకాయలు అడుగులోనే ఆగిపోతాయి, సాయంత్రం అరుగు మీద కూర్చుని పిన్నీసుతో ఒక్కొక్కటే పీకేయవచ్చు. తుమ్మముల్లు మాత్రం అట్ట దాటి వస్తుంది. పైగా విరిగిన మొన అట్టలోనే దాక్కుని, బరువు పడినప్పుడే గుచ్చుకుంటుంది. చెప్పు విప్పి చూస్తే ఏమీ కనిపించదు.

అరిగి పనికిరాని జతకి కూడా మా ఇంట్లో పని ఉండేది. పాత అట్ట మీద గుండ్రటి డబ్బా మూత పెట్టి గీసి, కొడవలితో కోస్తే చక్రాలు. పుల్ల గుచ్చి, వెదురు కర్ర తగిలిస్తే బండి. తెల్ల పొర, నీలం పొర రెండూ చక్రం అంచున కనబడేవి, అదే అలంకారం. మెత్తటి అట్టకి చక్రం వంగిపోతుంది, అందుకే రబ్బరు జత అరిగిపోయేదాకా పిల్లలం కాచుకుని కూర్చునేవాళ్లం. పోయినేడాది మా అబ్బాయికి ఈవీఏ ముక్కతో చేసి ఇచ్చాను, పుల్ల దూర్చిన చోట చీలిపోయింది.

ఎవరు కొనాలి అంటే: ఇంట్లో తిరగడానికి, వీధి చివరి కొట్టుకి, గుడికి. గుడి బయట పోయినా ‘శని వదిలింది’ అనుకుని వచ్చేయగల ధర. ఎక్కువ దూరం నడిచేవాళ్లకి, మడమ నొప్పి ఉన్నవాళ్లకి వద్దు, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, ఆసరా ఏమీ ఇవ్వదు. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు అసలే వేసుకోకూడదు. చెప్పు జారిపోయినా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. బండి మీద వెళ్లేటప్పుడు కూడా వద్దు.

కొనేటప్పుడు అట్టని చేత్తో మడిచి వదలండి, వెంటనే సాగి యథాస్థానానికి రావాలి. బొటనవేలి కన్నం అంచుకి మరీ దగ్గరగా ఉంటే తీసుకోవద్దు, చీలిక అక్కడే మొదలవుతుంది. విడి పట్టీలు సిటీ మాల్స్‌లో అడిగితే వింతగా చూస్తారు. పల్లె సంతల్లో, పాత బజారు చెప్పుల కొట్లలో ఇంకా దొరుకుతున్నాయి. అట్ట మందానికి తగిన పొడవు చూసి కొనండి. ఎక్కించేటప్పుడు బొడిపెకి సబ్బు నీళ్లు రాసి, కింద నుంచి సన్నటి శ్రావణంతో లాగితే ఒక్క ఊపుకి వస్తుంది. కొబ్బరినూనె మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బి కన్నం వదులవుతుంది.