కాసోవరీ: మైదానంలో ప్రదర్శనా, కంచె వెనక మేతా?

వండలూరు జూకి పిల్లల్ని తీసుకెళ్లే చెన్నై తెలుగువాళ్లకు ఒక సందేహం వస్తుంటుంది: కాసోవరీ (ఎగరలేని పెద్ద అడవి పక్షి) లాంటివాటిని కంచె వెనకే మేపకుండా, బయటి మైదానంలోకి తెచ్చి చూపిస్తే ఏం?

ప్రమాదం. మైదానంలో: కాసోవరీ కాలి లోపలి వేలికి సుమారు 12 సెంటీమీటర్ల గోరు, బాకులాంటిది. దూకి ముందుకు తన్నుతుంది. మనిషి కింద పడితే ఇక ఆపలేం. 2019లో ఫ్లోరిడాలో దాన్ని పెంచుకున్న మనిషే అలా పడిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. కంచె వెనక: పక్షిని పక్క ఆవరణలోకి పంపి, జారుడు గేటు మూసి, తాళం లాగి చూశాకే కీపరు లోపలికి వెళ్తాడు.

మేత. అసలు చిక్కు ఇక్కడే. మైదానంలో పండు చూపించి నడిపిస్తారు. దాంతో మనిషి కనిపిస్తే తిండి అని పక్షికి అలవాటవుతుంది, ఇవ్వకపోతే మీదికొస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మనుషులపై జరిగిన 150 దాడుల్ని పరిశీలిస్తే, నాలుగింట మూడు వంతులు అంతకుముందు జనం మేపిన పక్షులవే. కంచె వెనకైతే గొట్టంలోంచి పండ్లు జారవిడవచ్చు, చెయ్యి కనపడదు.

ఖర్చు. కంచెకైతే కట్టేటప్పుడే ఎక్కువ. ప్రదర్శనకు రోజూ ఇద్దరు మనుషులు, కవచంలాంటి పలకలు కావాలి.

పక్షి ఇష్టం. కంచె వెనక నీడలోకి తప్పుకోగలదు. చెన్నై ఎండలో అడవి పక్షిని జనం మధ్య నిలబెట్టడం అన్యాయం.

చిలకల్లాంటి చిన్న పక్షులకు, ఎగిరిపోయే వీలుంటే, ఉదయం పూట చిన్న ప్రదర్శన సరే. కాసోవరీ, నిప్పుకోడి అయితే కంచె వెనక మేతే.