గాబ్లిన్లు పారిపోవాలి: ఏడేళ్లు ఆడించాక మొరాల్ నిబంధన మీద

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే కథల ఆట: ఒకరు ఆడిస్తారు, మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుని రాక్షసులతో తలపడతారు. దాని ఐదో ఎడిషన్‌లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒక్కటే. ఆరు గాబ్లిన్లలో (పొట్టి రాక్షసులు) ఐదు చచ్చినా ఆరోది కత్తి పట్టుకుని అక్కడే నిలబడుతుంది. ఇక చాలు, పారిపో అని చెప్పే అంకె దాని వివరాల్లో ఎక్కడా ఉండదు. గెలుపు ఖాయమైపోయిన కొట్లాటను ఇంకో అరగంట సాగదీయడం అందరికీ విసుగే. బరంపురంలో ఏడేళ్లుగా సాగుతున్న మా ఆటను నిలబెట్టింది 1981 నాటి ఒక పాత నిబంధన.

ఆ ఏడాది టామ్ మోల్డ్‌వే కూర్పుతో వచ్చిన ఈ ఆట బేసిక్ పుస్తకంలో ప్రతి జీవికీ 2 నుంచి 12 దాకా ఒక మొరాల్ అంకె, అంటే దాని తెగువ ఎంతో చెప్పే అంకె, ఉంటుంది. నిబంధనను ఐచ్ఛికం అన్నారు గానీ అంకె మాత్రం ప్రతి జీవి పక్కనా అచ్చువేశారు. కొట్లాటలో మొదటి చావు పడగానే ఒకసారి, శత్రువుల్లో సగంమంది కూలాక ఇంకోసారి, మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వెయ్యాలి. మొత్తం ఆ అంకెను దాటితే పారిపోతారు, లేదా లొంగిపోతారు. రెండుసార్లూ తట్టుకుంటే ఇక చచ్చేదాకా పోరాడతారు. అంతే నిబంధన. వైకుంఠపాళి డబ్బాలోని పాచికలు చాలు.

గాబ్లిన్‌కన్నా బలహీనమైన కోబాల్డుకు 6, గాబ్లిన్‌కు 7, దాని పెద్ద జాతి హాబ్‌గాబ్లిన్‌కు 8, అస్థిపంజరానికీ జాంబీకీ 12. పన్నెండు ఉన్నవాటికి పాచిక వెయ్యనే అక్కర్లేదు, వాటికి భయమంటూ లేదు. గాబ్లిన్ల రాజు బతికి పక్కనే ఉంటే వాటి 7 కాస్తా 9 అవుతుంది. ఈ చిన్న తేడాలో చాలా ఉంది. రెండు పాచికల మీద 7 దాటే అవకాశం 36లో 15, అంటే నూటికి 42. తొమ్మిది దాటే అవకాశం 36లో 6, నూటికి 17. రాజును ముందు పడగొట్టాలని ఆటగాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకసారి దెబ్బ తిన్నాక వాళ్లే కనిపెడతారు.

బల్ల దగ్గర అది ఎలా ఉంటుందంటే: మహేంద్రగిరి దిగువన ఒక గుహ, లోపల ఆరు గాబ్లిన్లు, ఐదుగురు ఆటగాళ్లు. రెండో రౌండులో ఒకటి పడింది. పాచికలు అందరి ఎదుటా వేశాం, 3, 2. మొత్తం ఐదు, నిలబడ్డాయి. నాలుగో రౌండుకి మూడు పడ్డాయి. మళ్లీ వేశాం, 5, 4. బల్లకి ఆ చివర ఒకరు "పళేఇలే!" అని ఒడియాలో అరిచారు, ఈ చివర ఇచ్ఛాపురం కుర్రాడు "ఎల్లిపోనాయిరా!" అన్నాడు. మిగిలిన మూడూ కత్తులు పారేసి వెనక సొరంగంలోకి పరుగు. కొట్లాట అక్కడికి అయిపోయింది. పాచిక తెరచాటున వేస్తే ఈ అరుపు ఉండదు. ఆడించేవాళ్లు దయతలచి వదిలేశారన్న అనుమానమూ మిగిలిపోతుంది. మొరాల్ పాచిక ఎప్పుడూ బల్ల మధ్యనే పడాలి.

ఈ నిబంధన మా బల్ల మీద మొదట్లో చెడిపోయింది మాత్రం పుస్తకాన్ని మేం తప్పుగా చదవడం వల్ల. మొదట్లో ఎనిమిది నెలలపాటు ప్రతి చావుకీ ఒక పాచిక వేశాం. రెండు సార్లకే పరిమితమైతే 7 అంకె ఉన్న గుంపు చివరిదాకా నిలబడే అవకాశం నూటికి 34. నాలుగుసార్లు వేస్తే అది 12కి పడిపోతుంది. దాంతో ఏ గుంపూ మూడో రౌండు దాటేది కాదు. ఆటగాళ్లు పథకాలు వెయ్యడం మానేశారు. ఒకదాన్ని చంపి కాసేపు ఆగితే చాలనుకున్నారు. మంత్రాలు దాచుకోవడం, దారి కాయడం, అన్నీ పోయాయి. నిబంధనే పనికిరాదని దాదాపు తీసేయబోయాం. పుస్తకం మళ్లీ తెరిచి చూస్తే తప్పు మాదే. ఇప్పుడు ప్రతి కొట్లాటకీ ఒక చీటీ రాసుకుంటాం: అంకె, సగం అంటే ఎంతమంది, రెండు ఖాళీ గడులు. రెండు గడులూ నిండితే పాచికలు పక్కన పెట్టేస్తాం.

ఐదో ఎడిషన్‌లోనూ ఇలాంటిది ఉంది కదా అంటారు. 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో, అంటే ఆడించేవాళ్ల పుస్తకంలో, ఐచ్ఛికంగా ఉంది, నిజమే. అక్కడ ఆ జీవిగానీ గుంపు నాయకుడుగానీ విజ్‌డమ్ (వివేకం) అనే లక్షణం మీద ఇరవై ముఖాల పాచిక వేసి 10 తెచ్చుకోవాలి. నా తగువు అక్కడే. గాబ్లిన్ విజ్‌డమ్ 8, అస్థిపంజరానిదీ 8. 8 అంటే పాచిక మీద పడినదాంట్లోంచి ఇద్దరికీ ఒకటి తగ్గుతుంది కాబట్టి ఇద్దరూ సరిగ్గా సగం సార్లు బెదురుతారు. ప్రాణమే లేని ఎముకల గూడు గాబ్లిన్‌తో సమానంగా భయపడడం ఏమిటి? ఎవరికి వర్తించాలో ఆడించేవాళ్లు నిర్ణయించుకోవచ్చు, కానీ అలా నిర్ణయించే పని తగ్గించడానికే కదా నిబంధన. తెలివి వేరు, తెగువ వేరు. పాత పుస్తకం ఆ రెంటినీ వేరుగా ఉంచింది. అందుకే పాత అంకెల్నే తెచ్చి కొత్త ఆటకు అతికించాం.

అతుకు సరిగ్గా పడటానికి ఇంకొకటి సరిచెయ్యాల్సి వచ్చింది. పాత ఆటలో ఒక బంగారు నాణెం విలువ సొమ్ము బయటికి తెస్తే ఒక అనుభవ పాయింటు (పాత్ర స్థాయి పెరిగేది వీటితోనే), గాబ్లిన్‌ని చంపితే దక్కేది 5 మాత్రమే. ఫైటర్ (యోధుడి పాత్ర) రెండో స్థాయికి 2,000 కావాలి, అంటే నాలుగొందల గాబ్లిన్లు. అది పారిపోతే ఎవరికీ నష్టం లేదు, సొమ్ము పెట్టె దొరికితే చాలు. ఐదో ఎడిషన్‌లో గాబ్లిన్‌కి 50, రెండో స్థాయికి 300. ఒక్కరే ఆడితే ఆరు గాబ్లిన్లతో స్థాయి పెరుగుతుంది. అందుకని పారిపోతున్నవాటి వెంట మావాళ్లు బాణాలు పట్టుకుని పరిగెత్తేవారు, తగ్గిన టైమంతా ఆ వేటకే పోయేది. తరిమేసినా, పట్టుకున్నా గెలిచినట్టేనని, పాయింట్లు పూర్తిగా ఇవ్వాలని కొత్త పుస్తకంలోనే ఉంది. అది ముందే గట్టిగా చెప్పాక వేట ఆగిపోయింది.

కొట్లాటలు తొందరగా ముగుస్తాయన్న మాటకి ఒక సవరణ. పారిపోయినవాళ్లతో చిక్కు లేదు, ఎటు పోతారో కొట్లాటకి ముందే చీటీ మీద రాసుకుంటే సరి. చిక్కంతా లొంగిపోయినవాళ్లతోనే. బందీని ఏం చెయ్యాలన్న వాదన ఒక్కోసారి కొట్లాటకన్నా పొడుగు. కట్టెయ్యాలా, వదిలెయ్యాలా, దారి చూపించమనాలా? మంచి వాదనే, కానీ గడియారం ఆగదు. ఇప్పుడు పాచిక మరీ ఎక్కువగా, 11 లేదా 12 పడితేనే లొంగుబాటు. మిగతావన్నీ పరుగే. ఇది పుస్తకంలో లేదు, మా సర్దుబాటు.

ఒంటరి జీవి దగ్గర కూడా ఇది నీరసపడుతుంది. సగంమంది అన్న మాట అక్కడ కుదరదు కదా. ప్రాణం సగానికి తగ్గినప్పుడు ఒక్కసారి వేస్తున్నాం. డ్రాగన్ మొదటి సగంలోనే ఎగిరిపోతే ఐదారు వారాలు ఎదురుచూసినవాళ్ల మొహాలు చూడలేం, అందుకని పెద్ద శత్రువుకి వెయ్యడం మానేశాను.

మాకు ఉండేది ఆదివారం సాయంత్రం మూడున్నర గంటలు. ఇచ్ఛాపురం నుంచి వచ్చే ఇద్దరూ ఎనిమిదింటికల్లా లేచిపోవాలి. అంత తక్కువ టైములో రెండు కొట్లాటలూ, ఒక బేరసారమూ, కాస్త అన్వేషణా పట్టాలంటే ఈ పాచిక లేకుండా కుదరదు. రాత్రంతా కూర్చోగలిగినవాళ్లకి, గళ్ల పటం మీద ఒక్కో అడుగూ లెక్కపెట్టి ఆడడమే ఇష్టమైనవాళ్లకి ఇది అడ్డమే అనిపించవచ్చు. ముందు నాలుగు వారాలు గాబ్లిన్లకీ కోబాల్డులకీ మాత్రమే పెట్టి చూడండి, మీ బల్ల మీద ఆ రెండు గడుల చీటీ మర్చిపోకుండా.