కరెంటు పోయి వచ్చాక గేటు కదలడం లేదా? ‘బోర్డు కాలిపోయింది’ అన్న మాట వెంటనే నమ్మకండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో ఇంటికి మోటారు గేటు పెట్టించుకున్నవారి కోసం, పెట్టించుకోవాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నాకు 10,500 రూపాయలు పోయాయి. ఒక తాళంచెవి పూర్తిగా తిప్పి ఉంటే పోయేవి కావు.

మా ఇల్లు వడ్డేపల్లి వైపు. పక్కకు జరిగే ఇనుప గేటు, దానికి 24 వోల్టుల డీసీ మోటారు, ఆ మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. 2022లో బిగించారు. లోపల రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉంటాయని, కరెంటు పోయినా గేటు ఆగదని అమ్మినప్పుడు గట్టిగా చెప్పారు. మే నెలలో ఒక సాయంత్రం చెడగొట్టు వాన, దానికి తోడు ఈదురుగాలి. పెరట్లో మామిడికాయలన్నీ నేలపాలయ్యాయి, ఏడు గంటలకు పోయిన కరెంటు అర్ధరాత్రి దాటాక గానీ రాలేదు. తెల్లారి నర్సంపేటలో గృహప్రవేశానికి వెళ్లాలి. రిమోట్ నొక్కితే మోటారు ‘గుయ్’మంటోంది, గేటు మాత్రం అంగుళం కదలడం లేదు. కారు లోపల, ముహూర్తం అక్కడ.

గేటు అమ్మిన దుకాణానికే ఫోను చేశాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పదకొండింటికి వచ్చిన కుర్రాడు మూత విప్పి, ఫోను వెలుగులో రెండు నిమిషాలు చూసి, “సార్, కరెంటు ఒక్కసారిగా వచ్చింది కదా, బోర్డు కాలిపోయింది” అన్నాడు. వోల్టేజి కొలిచే మీటరు బయటికి తీయలేదు. మాడిన వాసన ఉందా అని నేనే వంగి చూశాను. లేదు. అప్పటికైనా అనుమానం రావాలి, రాలేదు, ఎందుకంటే నా మనసంతా ముహూర్తం మీదే ఉంది. కొత్త బోర్డుకు 9,800, వచ్చినందుకు 700. గంటలో గేటు కదిలింది. పాత బోర్డును అతను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద మొత్తం రాసి ఇచ్చాడు.

పదహారు రోజుల తర్వాత మళ్లీ గాలివాన, మళ్లీ కరెంటు కోత. తెల్లారితే మళ్లీ అదే ‘గుయ్’, గేటు అక్కడే. కొత్త బోర్డు కూడా కాలిపోయిందా?

ఈసారి దుకాణానికి ఫోను చేయబోతుంటే పక్కింటి పెద్దాయన గోడ మీదుగా తొంగి చూశారు. ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. చప్పుడు విని నవ్వారు. “బోర్డు చచ్చిపోతే మరి ఈ మోటారు చేత పాట పాడిస్తున్నది ఎవరు బిడ్డా?” అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. లోపలికి వచ్చి, మోటారు పక్కన తాళంచెవి పెట్టే చిన్న లీవరు చూపించారు. అది సగమే మూసుకుని ఉంది. గేటును చేత్తో అటూ ఇటూ కాస్త కదిపారు, లోపల ‘టక్’మని పళ్లు కూర్చున్న చప్పుడైంది, లీవరు నొక్కి తాళం తిప్పారు. రిమోట్ నొక్కితే గేటు వెళ్లిపోయింది. ఆయన తీసుకున్నది ఒక గ్లాసు మజ్జిగ.

అప్పుడు మా అబ్బాయి నోరు విప్పాడు. రెండు సార్లూ కరెంటు లేని రాత్రి స్కూటర్ లోపలికి తేవడానికి తాళంచెవితో లీవరు తెరిచి గేటు తోసింది వాడే. చీకట్లో తిరిగి మూశాననుకున్నాడు. మొదటిసారి ఈ మాట ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదట!

విషయం ఇంతే. లీవరు తెరిస్తే మోటారుకూ గేటుకూ లంకె తెగుతుంది, గేటును చేత్తో తోయవచ్చు. తిరిగి సరిగా మూసేదాకా మోటారు తనలో తాను తిరుగుతుంది, గేటు కింద ఉన్న పళ్ల పట్టీని మాత్రం లాగదు. మోటారు తిరుగుతున్న చప్పుడు వినబడుతోందంటే బోర్డు దానికి కరెంటు పంపుతోందన్నమాటే. కొన్ని రకాలలో లీవరు కింద చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కుకోకపోతే మోటారు చప్పుడు కూడా చేయదు. అక్కడ బోర్డు పోయిందని నమ్మించడం ఇంకా తేలిక. మొదటిసారి ఆ కుర్రాడు బోర్డు మార్చేటప్పుడు లీవరు కూడా మూసి ఉంటాడని నా నమ్మకం. రుజువు లేదు. రుజువు కావలసిన పాత బోర్డు వాళ్ల సంచిలోనే వెళ్లిపోయింది.

బోర్డులు అసలు కాలిపోవని కాదు. మా వీధి చివరి ఇంట్లో నిజంగానే కాలింది. న్యూట్రల్ తీగ వదులైతే ఇంట్లోకి 230 వోల్టులకు బదులు 400కు దగ్గరగా కూడా రావచ్చు. వాళ్లకు టీవీ, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు కూడా ఆ రాత్రే పోయాయి, గేటు పెట్టె తెరిస్తే మాడు వాసన గుప్పుమంది. మా ఇంట్లో మాత్రం రాత్రంతా ఫ్రిజ్, ఇన్వర్టర్ నిక్షేపంగా ఉన్నాయి, గేటు ఒక్కటే ‘కాలిపోయింది’. ఇంట్లో మిగతావన్నీ బాగుండి గేటు ఒక్కటే మొరాయిస్తే ముందు లీవరు చూడండి, తర్వాత గేటుకు వెళ్లే ఎంసీబీ (మెయిన్ పెట్టెలో తనంతట తానే పడిపోయే స్విచ్), ఆ తర్వాత బోర్డు మీది ఫ్యూజు. మూత విప్పే ముందు ఎంసీబీ దించండి. ఏసీ మోటార్లలో కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్ ఉంటుంది, అది స్విచ్ దించాక కూడా షాక్ కొట్టగలదు, దాని మీద చేయి వేయవద్దు.

మరికొన్ని మాటలతో కూడా భయపెడతారు. కరెంటు వచ్చాక మొదటిసారి గేటు నత్తనడక నడిస్తే మోటారు బలహీనపడిందంటారు. తాను ఎక్కడ ఆగిందో మరిచిపోయిన గేటు చివర ఎక్కడుందో వెతుక్కుంటూ నెమ్మదిగా వెళ్లడం చాలా మోటార్లకు మామూలే, ఒకసారి చివరి దాకా వెళ్తే సర్దుకుంటుంది. గేటు తెరుచుకుని మూసుకోకపోతే అడ్డం ఏదైనా ఉందేమో చూసే స్తంభాల మీది సెన్సార్ కళ్లను తుడవండి, గాలివాన తర్వాత వాటికి బురదో, ఆకో, సాలెగూడో అంటుకుని ఉంటుంది. కరెంటు పోతే రిమోట్ కోడ్ చెరిగిపోతుందని మా ఎదురింటివారి దగ్గర ఒక్కో రిమోట్‌కు 500 తీసుకున్నారు. ఆ కోడ్ సాధారణంగా కరెంటు లేకపోయినా బోర్డులో నిలిచే ఉంటుంది. ఒకవేళ మళ్లీ కలపాల్సి వచ్చినా, బోర్డు మీది బటన్ నొక్కి రిమోట్ నొక్కడమే పని.

ఇక ఆ బ్యాటరీల సంగతి. మా పెట్టెలో రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. ఎండకు కాగే పెట్టెలో అవి రెండు మూడేళ్లకు మించి రావని పెద్దాయన చెప్పారు. అవి బాగుంటే అబ్బాయి తాళంచెవి ముట్టుకునేవాడే కాదు. 9,800 పెట్టి బోర్డు మార్చిన కుర్రాడికి దాని పక్కనే ఉబ్బి కూర్చున్న బ్యాటరీలు కనబడలేదు! వారంటీ కార్డు తీసి చూస్తే వోల్టేజి హెచ్చుతగ్గులకు వర్తించదని అడుగున చిన్న అక్షరాలలో ఉంది. వానకు తడిస్తే మాకు సంబంధం లేదని చెప్పి గొడుగు అమ్మినట్టు ఉంది. కొనేవారు డబ్బు కట్టే ముందు ఆ అడుగు వరుస చదవండి, మెయిన్ ఆపించి బ్యాటరీ మీద గేటును నాలుగు సార్లు నడిపించి చూడండి, లీవరు తెరవడం, మూయడం ఇంట్లో అందరి చేతా చేయించండి. గేటు వాలు మీద ఉంటే లీవరు తెరవగానే దానంతట అదే జారుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఎవరైనా బోర్డు మార్చాలంటే మీటరు పెట్టి చూపించమనండి, పాత బోర్డు మీ దగ్గరే ఉంచుకోండి, జీఎస్టీ బిల్లు లేనిదే రూపాయి ఇవ్వకండి.

నేను దుకాణానికి వెళ్లి పాత బోర్డు అడిగితే స్క్రాప్‌లో వేశామన్నారు. వచ్చే సర్వీసులో 2,000 తగ్గిస్తామన్నారు. వద్దని చెప్పి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రెండేళ్ల లోపు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. నా చేతిలో ఉన్న ఆధారం ఆ తెల్ల కాగితం, డబ్బు ఫోనులో పంపిన వివరం.

నిన్న మధ్యాహ్నం దుకాణం నుంచి ఫోను వచ్చింది. పాత బోర్డు దొరికిందట, మనిషితో పంపిస్తారట, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలట. స్క్రాప్‌లో వేశామన్నారు కదా, ఏ స్క్రాప్‌లో దొరికిందని అడిగాను. ఫోను పెట్టేశారు.