ట్రోమ్సోలో నాలుగు రాత్రులు

అరోరా, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, చూద్దామని వెళితే మొదటి రాత్రి మబ్బు. రెండో రాత్రి మబ్బుతో పాటు వాన కూడా. "ధ్రువం దగ్గరికి తీసుకొచ్చి వాన చూపిస్తున్నారేంటండీ" అంది మా ఆవిడ. నార్వేలోని ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నా, సముద్రంలోని వెచ్చటి ప్రవాహం వల్ల ఫిబ్రవరిలోనూ చలి మరీ ఘోరంగా ఉండదు. ఆ సముద్రమే మబ్బుల్నీ మోసుకొస్తుంది. అందుకే రెండు రాత్రుల ప్యాకేజీ తీసుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. కనీసం నాలుగు రాత్రులైనా పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దోహా, ఓస్లో మీదుగా వెళ్లాం. ఓస్లో నుంచి ఇంకో రెండు గంటలు. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) మనిషికి 90 యూరోలు, వీసా సెంటర్ ఛార్జీలు వేరే. అమ్మ కట్టిచ్చిన సామాన్లలోంచి చికెన్ పచ్చడి, నెయ్యి తీసేయాల్సి వచ్చింది. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు. గోంగూర, కందిపొడి మాత్రం నిక్షేపంగా చేరాయి. నెయ్యి లేని కందిపొడి అన్నం ఏం బాగుంటుంది చెప్పండి? అక్కడి వెన్న కరిగించి సర్దుకున్నాం.

ఆ అన్నం వండుకోగలిగింది కూడా చివరి రెండు రోజులే. మొదటి రెండు రాత్రులు రేవు పక్కన హోటల్లో దిగాం. కిటికీలోంచి నీళ్లూ, వంతెనా, అవతల ఒడ్డున 1965లో కట్టిన తెల్లటి ఆర్కిటిక్ కెథెడ్రల్. అందంగానే ఉంది, కానీ ఊరి దీపాల మధ్య అరోరాకి ఆ కిటికీ పనికిరాదు. బయట భోజనం ఖరీదు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తర్వాత, ఊరున్న దీవి మధ్యలో ప్రెస్ట్‌వానె చెరువు దగ్గర వంటగదితో ఉన్న చిన్న అపార్ట్‌మెంట్‌కి మారాం. మొదటినుంచీ అక్కడే దిగాల్సింది.

టూర్ల సంగతి. మొదటి రాత్రి పెద్ద బస్సు ఎక్కాం. యాభై మంది. ఊరికి కాస్త దూరంలో రోడ్డు పక్కన ఆపి, మబ్బు కిందే రెండు గంటలు నిలబెట్టి, కాస్త వేడి సూప్ పోసి వెనక్కి తెచ్చారు. డబ్బులు వెనక్కి అడిగితే ప్రకృతికి గ్యారంటీ ఉండదన్నారు. నిజమే, కానీ బస్సు కదిపి వెతకొచ్చుగా!

మూడో రాత్రి చిన్న వ్యాన్, ఎనిమిది మందిమి. ధర దాదాపు రెట్టింపు. డ్రైవరే గైడు. మబ్బుల మ్యాప్ చూసి, సముద్రానికి దూరంగా స్కిబోట్న్ వైపు, ఫిన్లాండ్ సరిహద్దు దిశగా తీసుకెళ్లాడు. కొండల వెనక ఆకాశం పొడిగా ఉంటుందట. ఒక్కోసారి సరిహద్దు దాటుతారు కాబట్టి పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోండి.

మొదట కనిపించింది పచ్చగా లేదు, సన్నటి పొగలా ఉంది. ఫోన్ నైట్ మోడ్‌లో పెడితేనే ఆకుపచ్చ తేలింది. ఇంతేనా అనుకుంటుండగా అది కదిలింది. ఆరేసిన చీర గాలికి ఊగినట్టు అంచు దగ్గర మడతలు పడి, నిమిషాల్లో నెత్తిమీదికి వచ్చేసింది. అప్పుడు కంటికీ పచ్చగానే కనిపించింది. సూర్యుడి నుంచి వచ్చే కణాల వల్ల వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ వెలిగితే ఆ పచ్చ, ఇంకా పైన ఎరుపు అని గైడు చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినడం లేదు, నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

కేబుల్ కార్‌లో 421 మీటర్ల కొండెక్కి ఊరు చూడటం బాగుంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, ముందే కనుక్కోండి. తిమింగలాల సీజన్ అప్పటికే అయిపోయింది.

నాలుగో రాత్రి టూర్ లేదు. అన్నం తిని, బూట్లకు ముళ్ల పట్టీలు తగిలించుకుని (కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు మీద అవి లేకపోతే నడుములు విరుగుతాయి) చెరువు గట్టుకి నడిచాం. రూపాయి ఖర్చు లేకుండా, ఇళ్ల కప్పుల మీదుగా పచ్చటి పట్టీ. వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాను. మాకు రాత్రి పదిన్నర, కూకట్‌పల్లిలో తెల్లవారుజామున మూడు. ఫోన్ తెరలో ఏమీ పడలేదు, అంతా నలుపే.

"కరెంటు పోయిందేంట్రా అక్కడ?" అంది.