కొట్టాలు చూడడానికి వెర్మాంట్ దాకా

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకు వెర్మాంట్ అంటే అక్టోబరులో రంగులు మారే ఆకులే. మేం మాత్రం ఎండాకాలంలో, పాత పశువుల కొట్టాలు చూద్దామని బయల్దేరాం. ‘‘కొట్టం చూడడానికి ఇంత పెట్రోలు కాలుస్తారా!’’ అని అత్తగారు ఆశ్చర్యపోయారు. అలా అన్నారే గానీ, కారులో ముందు సీటు ఆవిడదే.

దారిలో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ దగ్గర హాంకాక్ షేకర్ విలేజ్‌లో ఆగాం. షేకర్లనే క్రైస్తవ శాఖవారు 1826లో కట్టిన గుండ్రటి రాతి కొట్టం ఇక్కడ ఉంది. దీన్ని ఎక్కడి నుంచీ తేలేదు, పుట్టిన చోటే నిలబడి ఉంది. 1864లో చెక్క భాగమంతా కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. 1960లో షేకర్లు ఊరు ఖాళీ చేశాక అది మ్యూజియం అయింది, 1968లో కొట్టానికి పెద్ద మరమ్మతు జరిగింది. గడ్డి బండ్లు పై అంతస్తులోకి వచ్చి, చుట్టూ తిరిగి, వెనక్కి నడపాల్సిన పని లేకుండా అదే ద్వారం గుండా బయటికి వెళ్లేవి. గడ్డి నడిమధ్యలో పడేది. ఆవులన్నీ దానివైపు తలలు పెట్టి వరుసగా నిలబడేవి. ఇదంతా గైడు చెబుతుంటే అత్తగారు ఒకటే అడిగారు: ‘‘మరి పేడ ఎవరు ఎత్తేవారట?’’ ఆవుల వెనక నేలలో ఉన్న తలుపులు తీసి కింది గోతిలోకి నెట్టేవారని విన్నాక ఆవిడకు షేకర్ల మీద గౌరవం పెరిగింది.

అసలు గమ్యం వెర్మాంట్‌లోని షెల్బర్న్. బర్లింగ్టన్‌కు కాస్త దక్షిణంగా, ఏడో నంబరు రోడ్డు మీదే ఉంటుంది. ఎలక్ట్రా హేవ్‌మేయర్ వెబ్ 1947లో స్థాపించిన షెల్బర్న్ మ్యూజియంలో ఇళ్లు, జైలు, లైట్‌హౌస్, కప్పు వేసిన వంతెన అన్నీ వేరే ఊళ్ల నుంచి తెచ్చి నిలబెట్టినవే. చివరికి 1906 నాటి టికాండెరోగా అనే ఆవిరి పడవను కూడా పట్టాలు పరిచి నేల మీద రెండు మైళ్లు లాక్కొచ్చారు. మేం వచ్చింది మాత్రం గుండ్రటి కొట్టం కోసం. 1901లో రాష్ట్రానికి ఆ చివర ఈస్ట్ పసంప్సిక్‌లో కట్టిన దీన్ని 1985-86లో విడదీసి ఇక్కడికి తెచ్చారు. మధ్యలో మేత నిల్వచేసే సైలో భాగాన్ని హెలికాప్టర్‌కు వేలాడదీసి మోసుకొచ్చారు.

మనకు కట్టడాలు తరలించడం కొత్త కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చుకున్నాం. కానీ అది దేవుడి గుడి. గేదెల పాక కోసం హెలికాప్టర్ పిలవమంటే మన ఊళ్లో నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నేమో, లోపలికి వెళ్లి తల పైకెత్తేదాకా.

అయినా నాకు ఎక్కువ నచ్చింది దాని పక్క కొట్టమే. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఆ రెండంతస్తుల కొట్టాన్ని 1949లో, మామగారి గుర్రపు బండ్లు పెట్టడానికి ఎలక్ట్రా కట్టించారు. దూలాలన్నీ చుట్టుపక్కల పాత కొట్టాలు విప్పి తెచ్చినవి. గొడ్డలి దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని దూలాలకు ఇప్పుడు ఏదీ బిగించని ఖాళీ రంధ్రాలు ఉన్నాయి, వెనకటి కొట్టంలో వాటిలో ఏవో బిగించి ఉండేవన్నమాట. బండ్ల కన్నా వాటినే ఎక్కువసేపు చూశాను.

మ్యూజియంలో లోపమల్లా శుభ్రమే. పేడ వాసన లేని కొట్టం కొట్టంలా అనిపించదు. ఆ లోటు దగ్గర్లోనే ఉన్న షెల్బర్న్ ఫార్మ్స్‌లో తీరింది. ఇది ఆ మామగారు విలియం సీవార్డ్ వెబ్, ఆయన భార్య లైలా వాండర్‌బిల్ట్ 1886లో మొదలుపెట్టిన ఎస్టేటు, 1972 నుంచి లాభాపేక్ష లేని విద్యాసంస్థ. కోటలా ఉన్న ఫార్మ్ బార్న్‌ను కదపకుండానే కొత్త పనులకు ఇచ్చారు. ఒక వైపు చెడ్డార్ జున్ను, ఒక వైపు రొట్టెల బట్టీ, మధ్యలో పిల్లలు మేకలకు మేత పెట్టే పెరడు. రోజు ఒక్కటే ఉంటే నేను ఇక్కడికే వెళ్లమంటాను. పిల్లలతో అయితే మరీను. పాత కట్టడాల మీద నిజంగా మోజున్నవాళ్లు మ్యూజియానికి రోజంతా ఉంచుకోవాలి, సగం పూటలో అది అవదు.

బస సంగతి. ఎస్టేటు భవనమే ఇప్పుడు సరస్సు ఒడ్డున సత్రంలా నడుస్తోంది. అందం చెప్పనక్కర్లేదు. గదుల్లో టీవీ, ఏసీ ఉండవు, కొన్ని గదులకు స్నానాలగది ఉమ్మడి. పెద్దవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే అడగండి. ఖర్చుకు జడిసి మేం రోడ్డు పక్క మోటెల్లో దిగాం. పరుపులు బాగానే ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం మనుషుల్ని బట్టి వచ్చాయి. శాకాహారులకు రొట్టె, జున్ను, సలాడ్లతో రోజు గడిచిపోతుంది. అత్తగారికి గడవలేదు, పులిహోర ఇంటి నుంచే తెచ్చుకున్నాం.

మ్యూజియం ప్రధానంగా మే నుంచి అక్టోబరు దాకానే. సత్రం కూడా చలికాలం మూసేస్తారు. నడక చాలా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు టికెట్ల దగ్గరే వీల్‌చైర్ సంగతి అడిగి తీసుకోవడం మంచిది.