కహూటా, ప్లికర్సా, పలకా: క్లాసులో ఏది మేలు?

మాది గుంటూరులో ఒక గవర్నమెంటు హైస్కూలు. తరగతి గోడకి పెద్ద టచ్ స్క్రీన్, అదే ఐఎఫ్‌పీ ప్యానెల్, ఉంది, పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. ప్రశ్న అడిగి చేతులెత్తమంటే ముందు బెంచీలో ఎప్పుడూ ఆ నలుగురే ఎత్తుతారు. మిగతావాళ్లకి ఏం తెలుసో పరీక్ష పేపర్లు దిద్దేదాకా తెలీదు. అందుకని మూడూ వాడి చూశాను.

కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ ఆటలో సందడికి కొదవ లేదు. ప్యానెల్ మీద ప్రశ్న, ఫోన్లో నాలుగు రంగుల బొమ్మలు, ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. చిక్కంతా ఆ తొందరలోనే ఉంది. లెక్క చేసి నొక్కేవాడికంటే గుడ్డిగా నొక్కి తగిలించుకున్నవాడు పైకెళ్తాడు. టైమర్ పెంచుకోవచ్చనుకోండి. కానీ పిల్లలకి ఫోన్లేవీ? స్టాఫ్ రూములో తలా ఒకటి అడిగి తెచ్చి గ్రూపుకొకటి ఇచ్చాను. ఒకడు నొక్కాడు, నలుగురు చూశారు. మళ్లీ అదే ముందు బెంచీ కథ.

ప్లికర్స్ అనే యాప్‌కి ఫోను టీచరు దగ్గర ఒక్కటుంటే చాలు. ఒక్కో పిల్లాడికి నలుపు గళ్ల బొమ్మ ఉన్న కార్డు ఒకటి. దాని నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ. తన జవాబు ఏదో ఆ వైపు పైకి తిప్పి పట్టుకుంటాడు, మనం ఫోన్ కెమెరా తిప్పుతూ పోతాం. ఏ రెండు కార్డుల బొమ్మా ఒకటి కాదు, అక్షరాలూ చిన్నవి, కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. బ్రాడీపేటలో ప్రింటు తీయించి, చిరిగిపోకుండా లామినేషన్ కూడా చేయించాను. ట్యూబులైటు వెలుగు పడి సగం కార్డుల్ని ఫోను గుర్తుపట్టలేదు! మళ్లీ ప్రింటు తీసి పాత నోటుపుస్తకాల అట్టల మీద అతికించాను.

పదో తరగతిలో శ్రేణి సంధానం చెప్పేముందు అడిగాను: వరసగా రెండు బల్బులుంటే రెండోదానికి కరెంటు తక్కువ వెళ్తుందా? సగం మందికి పైగా ‘అవును’ వైపే తిప్పారు, ఫస్టు ర్యాంకు పిల్లతో సహా. అప్పుడు ప్యానెల్ మీద ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీదే చేసి చూపించే ప్రయోగం, తెరిచాను. కొలరాడో యూనివర్సిటీవాళ్లది, ఉచితం, తెలుగులోనూ ఉంది. రెండు బల్బుల దగ్గరా కరెంటు కొలిచే అమ్మీటరు ఒకే అంకె చూపిస్తుంటే క్లాసంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న ముందు అడగకపోతే ఆ బొమ్మనీ టీవీ చూసినట్టే చూసేవాళ్లు.

ఇక పలక. పదో తరగతికే పంచితే “మేం ఒకటో తరగతా సార్?” అని నవ్వారు. నవ్వితే నవ్వారు, కార్డు చూపించలేనిది పలక చూపిస్తుంది. 12 వోల్టులు, 4 ఓమ్‌లు, కరెంటెంత అంటే 3 రావాలి. ఒకడి పలక మీద 48 ఉంది. భాగించాల్సింది గుణించాడన్నమాట. కార్డయితే తప్పని చెప్పి ఊరుకునేది.

నా లెక్కలో కొత్త పాఠం ఎత్తుకునేముందు ప్లికర్స్, లెక్కలున్న రోజు పలక. కహూట్ దసరా సెలవుల ముందు రోజుకి. నెట్ రాని పూట ఎలాగూ అన్నింటికీ పలకే. బలపాలు మాత్రం రెండు డబ్బాలు ఎక్కువ కొనిపెట్టుకోండి, మా వాళ్లు సగం విరగ్గొడతారు.